1,100 కోట్ల డాలర్ల అవార్డు ఎక్కడ కూలింది: పీ అండ్ ఐడీ, నైజీరియా వివాదంపై కేస్ స్టడీ

2023 అక్టోబర్ 23న లండన్‌లోని కమర్షియల్ కోర్టు న్యాయమూర్తి రాబిన్ నోల్స్ వెలువరించిన తీర్పును అవినీతి కథగా చదివినవారు చాలామంది ఉన్నారు. అలా చదవడంలో తప్పులేదు. లంచాలు, అబద్ధపు సాక్ష్యం, దొంగదారిన వచ్చిన పత్రాలు అన్నీ అందులో ఉన్నాయి. అయితే అంతర్జాతీయ మధ్యవర్తిత్వంలో పనిచేసే న్యాయవాదిగా నేను ఆ తీర్పును మరో కోణం నుంచి చదువుతాను. పీ అండ్ ఐడీ అనే కంపెనీకి నైజీరియా చెల్లించాలంటూ కోర్టు బయట మధ్యవర్తులు ఇచ్చిన నిర్ణయం, అంటే వడ్డీతో కలిపి 1,100 కోట్ల డాలర్లు దాటిన అవార్డు, చివరకు నిలవకపోవడానికి కారణమైన విషయాల్లో కొన్ని న్యాయవాది కార్యాలయంలో, న్యాయవాది బల్ల మీద, ఆపగలిగి ఉండీ ఆగకుండా సాగిపోయాయి. అవి ఎందుకు ఆగలేదన్న ప్రశ్నకు జవాబు న్యాయవాదులకు దక్కవలసిన ప్రతిఫలం రూపంలోనే ఉందని ఈ వ్యాసంలో చూపదలచుకున్నాను.

ముందు వివాదం పుట్టుక. బ్రిటిష్ వర్జిన్ దీవుల్లో నమోదైన ప్రాసెస్ అండ్ ఇండస్ట్రియల్ డెవలప్‌మెంట్స్ అనే కంపెనీ, అంటే పీ అండ్ ఐడీ, 2010 జనవరి 11న నైజీరియా పెట్రోలియం మంత్రిత్వ శాఖతో 20 సంవత్సరాల గ్యాస్ సరఫరా, శుద్ధి ఒప్పందం కుదుర్చుకుంది. చమురు బావుల్లో చమురుతోపాటు బయటికి వచ్చే తడి గ్యాస్‌ను ప్రభుత్వం ఉచితంగా ఇవ్వాలి. నైజీరియాలోని కలబార్ వద్ద కంపెనీ కట్టే ప్లాంటు దానిలోంచి ప్రొపేన్, బ్యూటేన్ వంటి ద్రవాలను వేరుచేసి తనవిగా అమ్ముకుంటుంది. మిగిలిన శుద్ధమైన గ్యాస్‌ను విద్యుదుత్పత్తి కోసం ప్రభుత్వానికి ఉచితంగా తిరిగి ఇస్తుంది. బావుల దగ్గర వృథాగా మండిపోతున్న గ్యాస్‌తో కరెంటు తయారు చేయాలన్న ఆలోచన కాగితం మీద సహేతుకమైనదే. ఆచరణలో ప్రభుత్వం గ్యాస్ సరఫరా చేయలేదు, కంపెనీ ప్లాంటు కట్టలేదు. కంపెనీ 2012 ఆగస్టులో మధ్యవర్తిత్వ నోటీసు ఇచ్చి, 2013 మార్చి 20న ఒప్పందం ప్రభుత్వ ఉల్లంఘన వల్ల ముగిసిపోయిందని ప్రకటించింది.

ఒప్పందానికి వర్తించే చట్టం నైజీరియాది. మధ్యవర్తిత్వ వేదిక, అంటే అవార్డును రద్దు చేసే అధికారం ఏ దేశపు కోర్టులకు ఉంటుందో తేల్చే చోటు, లండన్. ఈ రెండు ముక్కలూ ఒకే క్లాజులో ఉండటం వల్ల తరువాత చాలా గొడవ జరిగింది. ట్రిబ్యునల్‌లో ముగ్గురు మధ్యవర్తులు: లార్డ్ హాఫ్‌మన్, సర్ ఆంథొనీ ఎవాన్స్, నైజీరియా మాజీ అటార్నీ జనరల్ బాయో ఓజో. 2014లో తమకు విచారణాధికారం ఉందని, 2015 జూలైలో నైజీరియా ఒప్పందాన్ని ఉల్లంఘించిందని, 2017 జనవరి 31న నష్టపరిహారంగా సుమారు 660 కోట్ల డాలర్లు చెల్లించాలని వారు మూడు దశల్లో తేల్చారు. పరిహారం మొత్తంపై ఓజో విభేదించారు. ఆయన లెక్కలో అది 25 కోట్ల డాలర్లు. ఒకే సాక్ష్యాన్ని చూసిన ముగ్గురి లెక్కల మధ్య ఇరవై అయిదు రెట్లకు మించిన తేడా రావడం అసాధారణం. ఇరవై ఏళ్ల భవిష్యత్ లాభాలను ఈనాటి విలువకు కుదించే లెక్కలో ఎదుటి పక్షం గట్టి నిపుణుణ్ణి నిలబెట్టకపోతే, తగిన క్రాస్ ఎగ్జామినేషన్ చేయకపోతే, సంఖ్య ఎంత దూరం పోగలదో ఈ తేడా చూపిస్తుంది.

వడ్డీ సంవత్సరానికి 7 శాతం, 2013 మార్చి 20 నుంచి. అంటే ఏడాదికి సుమారు 46 కోట్ల డాలర్లు, రోజుకు పన్నెండు లక్షలకు పైగా. 2015లో ప్రభుత్వం మారక ముందు 85 కోట్ల డాలర్లకు రాజీ మాట చర్చకు వచ్చి ఆగిపోయిందని గుర్తుంచుకుంటే, ఆ తరువాత రెండేళ్లలో పెరిగే వడ్డీయే ఆ మొత్తాన్ని దాటిపోతుంది. ఇంత పెద్ద అవార్డు ఎదురుగా ఉన్నప్పుడు కాలం ఎవరి పక్షాన నడుస్తుందో కక్షిదారుకు అంకెలతో చెప్పడం న్యాయవాది మొదటి బాధ్యత.

వేదిక గురించిన తగాదా క్లుప్తంగా. నైజీరియా 2016లో లాగోస్ ఫెడరల్ హైకోర్టుకు వెళ్లి బాధ్యత నిర్ణయించిన అవార్డును రద్దు చేయించుకుంది. వేదిక ఇంగ్లండే కాబట్టి ఆ రద్దు తమను కట్టిపడేయదని ట్రిబ్యునల్ భావించి ముందుకు సాగింది. 2019 ఆగస్టులో లండన్ కోర్టు కూడా అదే అంగీకరించి అవార్డు అమలుకు అనుమతినిచ్చింది. ఆ అమలును తాత్కాలికంగా ఆపడానికి 20 కోట్ల డాలర్లు పూచీగా చూపాలని షరతు పెట్టింది. అవార్డు మొత్తం అప్పటికి దేశ విదేశీ మారక నిల్వల్లో దాదాపు ఐదో వంతుకు సమానం. వాషింగ్టన్‌లో వేరుగా సాగిన అమలు దావాలో సార్వభౌమ రక్షణ వాదన, అంటే ఒక రాజ్యం మీద మరో దేశపు కోర్టులో దావా నడవదన్న వాదన కూడా నైజీరియాకు పనికిరాలేదు. మధ్యవర్తిత్వానికి ఒప్పుకున్న రాజ్యానికి అమెరికా చట్టంలో ఆ రక్షణ ఉండదని, లాగోస్ రద్దు ఉత్తర్వు దానిని మార్చదని 2022లో అక్కడి అప్పీలు కోర్టు చెప్పింది.

ఇంతవరకు చూస్తే నైజీరియా ఓడిపోయిన పక్షమే. అసలు మలుపు 2019 చివరలో వచ్చింది. ఇంగ్లండ్ 1996 ఆర్బిట్రేషన్ చట్టం 70వ సెక్షన్ ప్రకారం అవార్డును సవాలు చేయడానికి గడువు 28 రోజులు. నైజీరియా సవాలు తుది అవార్డు తరువాత దాదాపు మూడేళ్లకు వచ్చింది. అయినా 2020 సెప్టెంబర్‌లో జస్టిస్ క్రాన్‌స్టన్ గడువు పొడిగించారు. మోసం జరిగిందని ప్రాథమికంగా బలమైన ఆధారాలు కనిపిస్తున్నాయని, అంతకుముందే నైజీరియా దానిని తగిన శ్రద్ధతో కనుగొని ఉండగలదని చెప్పలేమని ఆయన భావించారు. గడువు విషయంలో ఇంగ్లండ్ కోర్టులు ఎంత కఠినంగా ఉంటాయో తెలిసినవారికి ఇది ఎంత అరుదైన ఉత్తర్వో అర్థమవుతుంది. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో రాజ్యం పక్షాన జరిగిన అత్యుత్తమ న్యాయవాద కృషి ఈ దశలోదే.

ఆ ఆధారాలు బయటపడిన తీరు గమనించదగ్గది. అమెరికా ఫెడరల్ చట్టం 28వ టైటిల్ 1782వ సెక్షన్ విదేశీ విచారణలో ఉపయోగించుకోవడానికి అమెరికాలోని వ్యక్తుల, సంస్థల దగ్గరున్న పత్రాలను కోర్టు ద్వారా తెప్పించుకునే వీలు కల్పిస్తుంది. డాలర్లలో జరిగే లావాదేవీ ఏ రెండు దేశాల మధ్య జరిగినా చాలాసార్లు న్యూయార్క్ బ్యాంకుల గుండా వెళుతుంది. ఆ బ్యాంకుల రికార్డుల్లో దాని జాడ మిగులుతుంది. నైజీరియా న్యాయవాదులు ఆ జాడను పట్టుకున్నారు. మధ్యవర్తిత్వంలో ట్రిబ్యునల్‌కు మూడో పక్షం మీద ఇలాంటి అధికారం లేదు. పక్షాలు తన ముందు పెట్టినదే దానికి కనిపిస్తుంది. లంచం ఆరోపణ ఉన్న కేసులో మధ్యవర్తిత్వ రికార్డుకే పరిమితమై పనిచేసే న్యాయ సంస్థ తన కక్షిదారుకు సగం సేవే చేస్తున్నట్టు.

2023 ఆరంభంలో కొన్ని వారాలపాటు సాగిన విచారణ తరువాత జస్టిస్ నోల్స్ నైజీరియా ఆరోపణలన్నిటినీ అంగీకరించలేదు. అదే ఆర్బిట్రేషన్ చట్టంలో విచారణాధికారాన్ని ప్రశ్నించే 67వ సెక్షన్ కింద వేసిన సవాలు విఫలమైంది. తీవ్రమైన అక్రమాలకు సంబంధించిన 68వ సెక్షన్ కింద మాత్రం అవార్డు మోసం వల్ల వచ్చిందని, అది వచ్చిన తీరు ప్రజాహితానికి విరుద్ధమని తేల్చారు. దానికి ఆయన చూపిన ఆధారాలు మూడు. ఒప్పందం ఎలా కుదిరిందో వివరిస్తూ కంపెనీ వ్యవస్థాపకుడు ఇచ్చిన సాక్ష్య వాంగ్మూలం అబద్ధమని తెలిసీ కంపెనీ దాని మీద ఆధారపడింది. అందులో మంత్రిత్వ శాఖ న్యాయ విభాగ అధిపతికి ఇచ్చిన లంచాల ప్రస్తావన లేదు. ఆ అధికారికి మధ్యవర్తిత్వం నడుస్తున్న కాలంలోనూ చెల్లింపులు కొనసాగాయి. అవి వైద్య ఖర్చులకు చేసిన సాయమన్న వివరణను న్యాయమూర్తి నమ్మలేదు, నోరు విప్పకుండా ఉంచడానికే ఇచ్చారని నిర్ధారించారు. మూడోది, నా వృత్తికి అన్నిటికంటే దగ్గరైనది: నైజీరియా ప్రభుత్వానికి దాని న్యాయవాదులు ఇచ్చిన రహస్య సలహాలు, అంతర్గత న్యాయ పత్రాలు కంపెనీ చేతికి చేరాయి, కంపెనీ వాటిని తిరిగి ఇవ్వకుండా తన దగ్గరే ఉంచుకుంది.

ఈ మూడో విషయం దగ్గర ఆగాలి. ఎదుటి పక్షం తన కేసు బలాబలాల గురించి ఏమనుకుంటోంది, రాజీకి ఏ స్థాయిలో సిద్ధంగా ఉంది, అన్నిటికీ మించి ఒప్పందం వెనుక లంచం ఉందన్న అనుమానం దానికి వచ్చిందా లేదా అన్నది ఆ పత్రాల ద్వారా కంపెనీకి ఎప్పటికప్పుడు తెలిసిపోయింది. కంపెనీ పక్షాన ఉన్న ఇద్దరు ఇంగ్లండ్ న్యాయవాదులు, ఒక సొలిసిటర్ (కేసు సిద్ధం చేసే న్యాయవాది), ఒక బారిస్టర్ (కోర్టులో వాదించే న్యాయవాది), ఆ పత్రాలను చూశారు. అవి తమ చేతిలో ఉండకూడనివని తెలిసీ ఆపలేదు. వారి ప్రవర్తన సమర్థించరానిదని న్యాయమూర్తి రాశారు. తీర్పు ప్రతిని వారిరువురి నియంత్రణ సంస్థలైన సొలిసిటర్స్ రెగ్యులేషన్ అథారిటీకి, బార్ స్టాండర్డ్స్ బోర్డుకు పంపుతున్నట్టు చెప్పారు. అవార్డు సొమ్ము చేతికి వస్తే వారికి దక్కవలసినది ఒకరికి 85 కోట్ల పౌండ్ల వరకు, మరొకరికి 300 కోట్ల పౌండ్ల వరకు. వారు సరైన పని ఎందుకు చేయలేదన్న దానికి ఈ డబ్బే కారణమని తీర్పు నేరుగా చెప్పింది.

ఇక్కడ వ్యక్తిగత లోభం గురించి మాట్లాడి ముగించడం సులభం. అది సరిపోదని నేను గట్టిగా నమ్ముతాను. ఎదుటివారి రహస్య సలహా పత్రం పొరపాటునో, ఎవరో పంపగానో మన చేతికి వచ్చినప్పుడు ఏం చేయాలన్నది వృత్తిలో అందరికీ తెలిసిందే: చదవడం ఆపాలి, ఎదుటి న్యాయవాదికి చెప్పాలి, తిరిగి ఇవ్వాలి లేదా కోర్టు చెప్పేదాకా మూసి ఉంచాలి. ఈ నియమం తెలియక ఎవరూ తప్పు చేయరు. తెలిసినదాన్ని చేయడానికి ఆ క్షణంలో ఖర్చు ఎంత అన్నదే ప్రశ్న. గంటకు ఇంత అని ఫీజు తీసుకునే న్యాయవాదికి ఆ ఖర్చు ఒక కక్షిదారు అసంతృప్తి, మహా అయితే ఒక కక్షిదారును పోగొట్టుకోవడం. అవార్డులో వాటా ఉన్న న్యాయవాదికి అది తన జీవితాన్ని మార్చే సంపద. అంత బరువు ఒకవైపు పెట్టి, మరోవైపు వ్యక్తి మనస్సాక్షిని ఒంటరిగా నిలబెట్టే ఫీజు ఏర్పాటును సంస్థ ఆమోదించిన రోజే ప్రమాదం మొదలవుతుంది.

ఫలితంతో ముడిపడిన ఫీజును నేను వ్యతిరేకించడం లేదు. డబ్బు లేని హక్కుదారుకు రాజ్యం మీద కేసు నడపడానికి అది ఒక్కటే దారి కావచ్చు, చట్టాలు కూడా దానివైపే కదులుతున్నాయి. ఇంగ్లండ్‌లో 2013 నిబంధనల ప్రకారం వాణిజ్య దావాల్లో వసూలైన మొత్తంలో 50 శాతం వరకు వాటా తీసుకునే ఒప్పందాలు చెల్లుతాయి. సింగపూర్ 2022లో మధ్యవర్తిత్వ కేసుల్లో గెలుపు మీద ఆధారపడే ఫీజును అనుమతించింది కాని, వసూలైన మొత్తంలో శాతాన్ని అనుమతించలేదు. హాంకాంగ్ అదే ఏడాది డిసెంబర్‌లో శాతాన్ని కూడా అనుమతించింది. 2023 జూలైలో బ్రిటన్ సుప్రీంకోర్టు ప్యాకార్ కేసులో, వసూలైన దానిలో వాటా తీసుకునే పెట్టుబడిదారుల ఒప్పందాలు కూడా ఈ 2013 నిబంధనల కిందికే వస్తాయని చెప్పి కేసులకు పెట్టుబడి పెట్టే వ్యాపారాన్ని కుదిపేసింది. ఇలా చర్చ అంతా బయటి పెట్టుబడిదారు చుట్టూనే తిరుగుతోంది.

నాకు ఆందోళన కలిగించే ఖాళీ వేరే చోట ఉంది. అంతర్జాతీయ వాణిజ్య మండలి (ఐసీసీ) 2021 మధ్యవర్తిత్వ నిబంధనలు 11వ అధికరణంలో, కేసుకు డబ్బు పెట్టి ఫలితంలో ఆర్థిక ప్రయోజనం పొందే బయటివారి పేరు వెల్లడించాలంటాయి. ప్రపంచ బ్యాంకు అనుబంధ పెట్టుబడి వివాదాల కేంద్రం ఇక్సిడ్ 2022 నిబంధనల్లో 14వ నిబంధన కూడా అదే కోరుతుంది, అయితే పక్షం తరఫు ప్రతినిధిని ఆ బయటివారి నిర్వచనంలోంచి స్పష్టంగా మినహాయిస్తుంది. అంటే కేసులో 10 శాతం వాటా ఉన్న ఫండ్ పేరు ట్రిబ్యునల్‌కు తెలియాలి. అంతే వాటా ఉండి, సాక్ష్యం తయారుచేసి, పత్రాలు సమర్పించి, వాదన వినిపించే న్యాయవాది ప్రయోజనం తెలియనవసరం లేదు. మధ్యవర్తులతో సంబంధాలు తేల్చడానికి పెట్టిన నిబంధన కాబట్టి ఈ మినహాయింపుకు దాని తర్కం దానికి ఉంది. కానీ ఫలితంలో వాటా వల్ల ప్రవర్తన మారే అవకాశం ఫండ్ కంటే న్యాయవాదికే ఎక్కువని, ఎందుకంటే పత్రం మొదట చేరేది అతని దగ్గరికేనని ఈ కేసు చూపించింది.

అందువల్ల సంస్థ లోపలి ఏర్పాటు మీదే భారం పడుతుంది. ఫలితంలో వాటా ఉన్న ప్రతి కేసులోనూ, ఆ వాటాలో ఒక్క పైసా రాని మరో భాగస్వామి చేతిలో కొన్ని నిర్ణయాలు ఉండాలి: ఎదుటి పక్షం నుంచి వచ్చినట్టు కనిపించే ఏ పత్రాన్నైనా ఉంచాలా వద్దా, సాక్షి వాంగ్మూలంలో సందేహం వస్తే ఏం చేయాలి, కేసు నుంచి తప్పుకోవాలా. ఫైలులో చేరే ప్రతి పత్రం పక్కన అది ఎవరి నుంచి, ఏ తేదీన, ఏ మార్గంలో వచ్చిందో రాసి ఉండాలి. రాయలేని పత్రం ఫైలులో ఉండకూడదు. చిన్న సంస్థకు ఇది భారమే. రాజ్యం ఒక పక్షంగా ఉన్న, కోట్ల డాలర్ల కేసును తీసుకోగలిగిన సంస్థకు మాత్రం భారమన్న మాట చెల్లదు.

సాక్ష్య వాంగ్మూలం విషయంలోనూ ఇదే. అంతర్జాతీయ బార్ అసోసియేషన్ 2013లో పక్షాల ప్రతినిధుల కోసం రూపొందించిన మార్గదర్శకాలు, అబద్ధమని తెలిసిన సాక్ష్యాన్ని సమర్పించకూడదని, ముందు తెలియక సమర్పించినది అబద్ధమని తరువాత తేలితే సరిదిద్దే చర్యలు తీసుకోవాలని చెబుతాయి. ఇవి పక్షాలు ఒప్పుకుంటేనో, ట్రిబ్యునల్ స్వీకరిస్తేనో వర్తించేవి. పీ అండ్ ఐడీ కేసులో వాంగ్మూలం ఇచ్చిన వ్యక్తి 2015లో మరణించాడు. మాట మిగిలింది, మాట ఇచ్చినవాణ్ణి ప్రశ్నించే అవకాశం పోయింది. ఒప్పందం ఎలా కుదిరిందన్న కథ మొత్తం ఒకే వ్యక్తి మాట మీద నిలిచి ఉంటే, ఆ ఒప్పందానికి ముందు, వెనుక ఏడాది కంపెనీ ఖాతాలను అడిగి చూడటం ఆ పక్షం న్యాయవాదే చేయవలసిన పని అని నా అభిప్రాయం. ప్రభుత్వ ఒప్పందాల్లో ముఖ్యంగా, దళారులకు, సలహాదారులకు వెళ్లిన నగదు, విదేశీ ఖాతాల చెల్లింపులు చూడకుండా వకాల్తా పుచ్చుకోవడం ఇకపై నిర్లక్ష్యమే.

రాజ్యం పక్షాన ఉన్న న్యాయవాదులకూ ఇందులో పాఠం ఉంది. ట్రిబ్యునల్ ముందు నైజీరియా వాదన బలహీనంగా సాగిందని, ఇంత పెద్ద మొత్తం మీద నిపుణుల సాక్ష్యం, సన్నద్ధత తగినట్టు లేవని జస్టిస్ నోల్స్ గమనించారు. ట్రిబ్యునల్ ఇరు పక్షాలూ తమ కేసు తామే నడుపుకుంటాయన్న సంప్రదాయ పద్ధతిలో సాగింది. అందుకే తీర్పు చివర ఆయన, ఇంత విలువైన, రాజ్యం ఒక పక్షంగా ఉన్న మధ్యవర్తిత్వాల్లో నాలుగు విషయాల మీద ఆలోచన జరగాలని కోరారు: పెద్ద ఒప్పందాల ముసాయిదా, పత్రాల వెల్లడి, ప్రాతినిధ్యం నాణ్యత, గోప్యత. వీటిలో నాలుగోది నాకు అన్నిటికంటే కష్టమైనదిగా తోస్తుంది. ఒక దేశ ప్రజల సొమ్ములో ఇంత భాగం మూసిన తలుపుల వెనుక, పత్రికలకు, పార్లమెంటుకు తెలియకుండా నిర్ణయమైపోవడం గోప్యత అన్న మాటతో సమర్థించుకోగలిగేది కాదు. ఇంగ్లండ్ 2025 ఆర్బిట్రేషన్ చట్టం, ఆ ఏడాది ఆగస్టు 1 నుంచి అమల్లోకి వచ్చి, మధ్యవర్తుల వెల్లడి బాధ్యతను, మధ్యవర్తిత్వ ఒప్పందానికి వర్తించే చట్టాన్ని స్పష్టం చేసింది. 68వ సెక్షన్‌లోని మోసం నిబంధనను ఉన్నదున్నట్టు ఉంచింది, గోప్యతను సాధారణ న్యాయసూత్రాలకే వదిలేసింది.

ఉపశమనం విషయంలో ఒక సాంకేతిక ఎంపిక మిగిలింది. 68వ సెక్షన్ కింద అక్రమం తేలినప్పుడు అవార్డును తిరిగి ట్రిబ్యునల్‌కే పంపడం కోర్టు మొదట ఆలోచించవలసిన మార్గం. అది సముచితం కాదనిపిస్తేనే రద్దు. కంపెనీ తిరిగి పంపమని అడిగింది. 2023 డిసెంబర్‌లో జస్టిస్ నోల్స్ అందుకు అంగీకరించక, అవార్డులను రద్దు చేశారు, అప్పీలుకు అనుమతి నిరాకరించారు. తప్పుడు మార్గంలో అవార్డు తెచ్చుకున్న పక్షానికి అదే వేదికలో మరో అవకాశం ఇవ్వడం సరికాదన్న ఈ వైఖరి సబబైనదని భావిస్తాను.

చివరి తగాదా ఓడిన కంపెనీ నైజీరియాకు తిరిగి చెల్లించవలసిన కేసు ఖర్చుల మీద, అది పూర్తిగా న్యాయ సంస్థల వ్యాపారానికి చెందినది. నైజీరియా ఖర్చు సుమారు 4.4 కోట్ల పౌండ్లు. న్యాయవాదుల బిల్లులు పౌండ్లలో వచ్చాయి, చెల్లింపు కూడా పౌండ్లలోనే జరిగింది. కాని ఆ పౌండ్లు కొనడానికి వాడినది నైజీరియా కరెన్సీ నైరా. నైరా విలువ ఈలోగా బాగా పడిపోయింది కాబట్టి ఖర్చుల ఉత్తర్వు నైరాలో ఉంటే తనకు భారం తగ్గుతుందని కంపెనీ వాదించింది. బిల్లు ఏ కరెన్సీలో వచ్చి, ఏ కరెన్సీలో చెల్లించారో ఆ కరెన్సీలోనే ఉత్తర్వు ఉండాలని, డబ్బు ఎక్కడ మార్చుకున్నారన్న విచారణలోకి ఖర్చుల దశలో దిగనక్కరలేదని 2024లో అప్పీలు కోర్టు, 2025 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు చెప్పాయి. విదేశీ కక్షిదారు తన దేశపు కరెన్సీ అమ్మి ఫీజు కట్టే సందర్భాల్లో, న్యాయవాదితో కుదుర్చుకునే ఒప్పంద పత్రంలో బిల్లు కరెన్సీని ఎంచుకునే చిన్న వాక్యం ఇకపై ఖర్చుల వసూలులో కోట్ల తేడా తేగలదు. కాబట్టి ఆ వాక్యాన్ని పాత నమూనా నుంచి అలాగే దించకుండా, కక్షిదారుతో కూర్చుని రాయాలి.